పుర్రచేతి చుట్టు

ఏబేలు తాత డైనమోను తువ్వాల్లో చుట్టి, సంచిలో పెట్టి, ఆ సంచిని గిద్దలూరు బస్సులో ఒళ్లో పెట్టుకుని మార్కాపురం దాకా తెచ్చాడు. పక్క సీటామె లోపల కోడిపిల్లలున్నాయేమో అనుకుని, ఊపిరాడదు కాస్త మూతి విప్పు పెద్దాయనా అన్నదట. ఆ ముచ్చట ఇమాం సాహెబ్ మోటార్ల దుకాణం మెట్టెక్కుతూనే చెప్పి తనే నవ్వాడు. సామాను తీసి బల్ల మీద పెట్టేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది.

"ఇమాం సాయిబు చెయ్యి పడితే గానీ ఇది బతకదని చెప్పినారబ్బాయ్. నువ్వు ఆయన కొడుకువే గదా?"

"కొడుకునే తాతా. అష్రఫ్. నాయనా నేనూ కలిసే చుడతాం. పెట్టిపో, అయిపోతాది."

ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి! బల్ల వెనక తెర ఉంది. తెర వెనక గదిలో నేల మీద కూర్చుని బోరు మోటారుకు రాగి తీగ చుడుతున్న అఫ్సానా ఆ మాట విన్నది. ఆమె అష్రఫ్ భార్య. మామ చేతులు వణకడం మొదలైనప్పటి నుంచీ ఈ దుకాణంలో చుట్టిన ప్రతి మోటారూ ఆమె చేతి మీదుగా పోయిందే. బయట బోర్డు మీద మాత్రం మామ పేరు, బల్ల దగ్గర మొగుడి మాట. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దవాళ్లు ఊరికే అన్నారా?

ఆమెకు పేరు మీద కూడా అంత యావ లేదు. ఉన్నదల్లా ఒకటే కోరిక. తాను చుట్టింది తిరుగుతుంటే కళ్లారా చూడాలి. బోరు మోటారు పోయి బోరులో దిగుతుంది. ట్రాక్టరు స్టార్టరు పోయి ఏ కంది చేలోనో కూర్చుంటుంది. తెర అవతల గుయ్‌మని మోత ఒక్క నిమిషం వినబడుతుంది, అంతే. కన్న బిడ్డను తొట్లోనే ఎవరో ఎత్తుకుపోయినట్టు ఉండేది ఆమెకు. ఈ సంగతి ఒకసారి అత్తతో అంటే, "మోటారు తిరిగితే చూసేదేముందే, ఫ్యాను తిరగట్లేదా నెత్తిన?" అని కొట్టిపారేసింది రజియా బేగం.

ఇమాం సాహెబ్ గోడవార కుర్చీలోంచి లేచి వచ్చి డైనమోను చూశాడు. చూడగానే మొహం వికసించింది.

"మోరిస్ కారుది గదా ఏబేలన్నా? ఎక్కడ సంపాయించినావు దీన్ని?"

"సంపాయించేదేంది సాయిబూ, మా చర్చి వెనక షెడ్డులో ఉండాదిలే. డాక్టరమ్మ దొరసాని పోతా పోతా వదిలిపెట్టి పోయిన కారు. ఈ ఆదివారం మా చర్చికి నూరేళ్ల పండగ. మా ఊరి మంత్రసాని లీదియమ్మ ఉండాది చూడు, డాక్టరమ్మ పక్కన ఆ కార్లో కూర్చోని ఊరూరా కాన్పులకు తిరిగినామె. ఆయమ్మను ఇంటికాడి నుంచి అదే కార్లో చర్చికి తీసకరావాలని సంఘమంతా అనుకున్యాం. ఇంజను అయిపోయింది, టైర్లు అయిపోయినాయి. ఇదొక్కటే మొండికేసింది."

"ఇంటి నుంచి చర్చికే కదా తాతా," అన్నాడు అష్రఫ్. "బ్యాటరీ ఛార్జి పెట్టుకుంటే చాలదా?"

"బ్యాటరీ మీద నడిపితే శవాన్ని మోసినట్టబ్బాయ్. బండి అన్నాక దాని కరెంటు అది పుట్టించుకోవాల."

ఆ మాటకు తెర వెనక అఫ్సానా తీగ చుట్టడం ఆపింది. ఇదేదో తెలిసిన మనిషే అనుకుంది.

ఇమాం సాహెబ్ డైనమో విప్పించాడు. లోపల తిరిగే కడ్డీ, ఆర్మేచర్, బోసిగా ఉంది. గాడుల్లో ఒక్క పోగు రాగి లేదు. ఎవరో మెకానిక్కు బాగు చేస్తానని చెప్పి, పాత చుట్టు కాల్చి, కోసి పారేసి, ఆ తర్వాత చేతగాక తిరిగి ఇచ్చేశాడట. అష్రఫ్ పెదవి చప్పరించాడు. పాత చుట్టు ఉంటే దాన్ని చూసి కొత్తది చుట్టొచ్చు. ఇది అచ్చు పోగొట్టుకుని ఇత్తడి బొమ్మ పోయమన్నట్టుంది.

"నాకు గుర్తుండాదిలే," అన్నాడు ఇమాం సాహెబ్. "కర్నూల్లో పని నేర్చుకునే నాడు ఇట్లాంటివే చుట్టినా. రెండు దినాలు ఆగు అన్నా."

అంటూ ఆర్మేచర్‌ను రెండు చేతులా ఎత్తబోయాడు. చేతులు వణికి కడ్డీ బల్లకు తగిలి టక్కుమన్నది. ఆయన గబుక్కున దాన్ని గుండెకు అదుముకుని, ఏమీ జరగనట్టే తెర ఎత్తుకుని లోపలికొచ్చాడు.

అఫ్సానా పద్ధతి ఒకటుంది. పాత చుట్టును విప్పేటప్పుడే, తీగ ఏ గాడిలో దిగింది, ఏ గాడిలో ఎక్కింది, ఎటు నుంచి ఎటు తిరిగింది అన్నీ పలక మీద గీసుకుంటుంది. పలకల ఊరు మార్కాపురంలో పలకకేం కరువు? ఇంట్లో చెక్క చట్రం ఊడిన పలకలు బోలెడు. పని అయ్యాక ఉమ్మితో తుడిచేస్తుంది, అత్త చూస్తే తిడుతుందని కొంగుతో మళ్లీ తుడుస్తుంది. ఈసారి గీసుకోవడానికి పాత చుట్టు లేదు. మామ ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాడు, ఆమె బలపంతో గీసింది.

"ఈ గాడిలో దిగాల. నడుమ ఇన్ని వదిలి ఆ గాడిలో ఎక్కాల. కొస తెచ్చి ఈ రాగి పట్టీకి కలపాల. మళ్లీ పక్క గాడి. అట్ల చుట్టూ పోతానే ఉండాల."

"ఇంతేనా మామా?"

"ఇంతే. మిగతాది చెయ్యికి తెలిసిపోతాదిలే."

చెయ్యికి తెలుసు, నిజమే. అయితే ఎవరి చెయ్యికి ఏం తెలుసన్నది ఆ పూట ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అఫ్సానాది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు వాళ్లమ్మ ఎడమ చేతికి గుడ్డ కట్టినా పోలేదు. ఇక్కడ అత్త, అన్నం గరిటె ఎడమ చేత్తో పడితే ఇప్పటికీ చురుక్కున చూస్తుంది. కానీ తెర వెనక ఎవరు చూడొచ్చారు? ఆమె గాడి గాడికీ కాగితం మడిచి దోపింది. కడ్డీని మోకాళ్ల మధ్య నిలబెట్టింది. కుడి చేత్తో కాయితం నొక్కి పట్టి, ఎడమ చేత్తో తీగ లాగుతూ చుట్టసాగింది. తీగ బిగువు ఆమె చూపుడు వేలికి తెలుస్తుంది. కాస్త వదులైతే వేలు చప్పున చెబుతుంది, కాస్త ఎక్కువ లాగితే తీగ పైపూత గీరుకునే లోపే వేలు ఆగుతుంది. ప్రతి గాడి మీదా సన్నటి వెదురు బద్ద దూర్చి, సుత్తి పిడితో మెల్లగా తట్టింది. కొసలన్నీ రాగి పట్టీలకు టాకా వేసి అతికించింది. మర్నాడు మధ్యాహ్నానికి గాడులన్నీ నిండి, కొత్త రాగి మెరుస్తూ, చూస్తే కళ్లు చెదిరేలా ఉంది. ఎంత ముద్దొచ్చిందో! ఎవరూ లేరు కదా అని దాన్ని చెంపకు ఆనించుకుంది.

పరీక్ష ఆమే చేసింది. కరెంటు పెట్టిన ఇనుప దిమ్మ మీద ఆర్మేచర్‌ను పడుకోబెట్టి, పైన పాత హాక్సా బ్లేడు ఆనించి, మెల్లగా తిప్పింది. చుట్టులో ఎక్కడన్నా తీగా తీగా అంటుకుని ఉంటే ఆ చోట బ్లేడు జరజరమని కొట్టుకుంటుంది. ఊపిరి బిగబట్టి పూర్తిగా ఒక చుట్టు తిప్పింది. బ్లేడు కిక్కురుమనలేదు. తీగ ఇనుముకు తగిలిందేమోనని బల్బుతో పట్టీ పట్టీ చూసింది. తగిలి ఉంటే వెలగాల్సిన బల్బు వెలగలేదు. ఇమాం సాహెబ్ దగ్గరికి తీసుకుని కళ్లజోడు పైకి నెట్టి చూశాడు.

"నా చెయ్యి బాగున్న నాడు కూడా ఇంత నున్నగా రాలేదు కదమ్మా!" అన్నాడు.

ఆమె సంతోషం పట్టలేకపోయింది. వార్నీషులో ముంచి, ఆరబెట్టి, తెర సందులోంచి అష్రఫ్ చేతికిచ్చింది.

మూడో నాడు ఏబేలు తాత తిరిగొచ్చాక అష్రఫ్ డైనమో బిగించి బ్యాటరీకి కలిపాడు. డైనమోకు కరెంటిస్తే అది మోటారులా తిరగాలి, అదే దానికి పరీక్ష. గుయ్‌మని తిరిగింది. అఫ్సానా తెర అంచు పట్టుకుని సందులోంచి చూసింది. మొగుడి వీపు కనబడింది. వీపు పక్కన ఏబేలు తాత మోచెయ్యి కనబడింది. అంతే.

"భలే సాయిబూ! ఏం పనితనం!"

"మా ఇంటి పని అట్లనే ఉంటాది తాతా," అన్నాడు అష్రఫ్. ఇమాం సాహెబ్ నమాజుకు పోయి ఉన్నాడు. మిగతా పరీక్ష ఎవరూ చేయలేదు. అష్రఫ్ డైనమో తీసుకుని తాత వెంట బస్సెక్కాడు.

మర్నాడు పొద్దునే ఏబేలు తాత, అష్రఫ్, డైనమో ముగ్గురూ తిరిగొచ్చారు. ముగ్గురిలోనూ జీవం లేదు.

సంగతేమంటే, కారులో మీటర్ల పక్కన ఒక చిన్న ఎర్ర దీపం ఉంటుంది. డైనమో కరెంటు పుట్టిస్తే అది ఆరిపోవాలి. పుట్టించకపోతే వెలుగుతూనే ఉంటుంది. సంఘమంతా చుట్టూ చేరి చూస్తుండగా అష్రఫ్ ఇంజను ఎంత రేజు చేసినా ఆ దీపం ఆరలేదు. ఎర్రగా గుడ్లురుముతూ అలాగే వెలిగింది. కుర్రకారు నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చాను అన్నట్టుంది అష్రఫ్ మొహం.

దుకాణంలో అప్పటికే ఇద్దరు బేరగాళ్లు కూర్చుని ఉన్నారు. ఇమాం సాహెబ్ తన కుర్చీలో ఉన్నాడు. అష్రఫ్ డైనమోను బల్ల మీద దబ్బున పెట్టి, అందరూ వింటుండగా అన్నాడు:

"ఏం జేసేది తాతా, మా నాయనకు వయసై పోయింది. చేతులు వణుకుతాండాయి. చుట్టులో ఎక్కడో లోపం పడింది. ఇంక ఈ పని మానిపించేస్తాలే."

ఇమాం సాహెబ్ తల ఎత్తి కొడుకును చూశాడు. తర్వాత రెండు చేతులనూ మెల్లగా ఒళ్లో ఉన్న తువ్వాలు కిందికి లాక్కుని దాచుకున్నాడు.

తెర సందులోంచి అఫ్సానాకు ఆ చేతులు దాచుకోవడం కనబడింది. నిన్న డైనమో తిరగడం కనబడలేదు కానీ ఇది మాత్రం స్పష్టంగా కనబడింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. బాగుంటే మా ఇంటి పని. చెడితే మా నాయన చేతులు! ఆ ముసలాయన తన చేతి వణుకును దాచుకోవడానికి ఎన్ని పాట్లు పడుతున్నాడో ఇంట్లో అందరికీ తెలుసు. తేనీటి గ్లాసు కూడా ఎవరూ చూడనప్పుడే తాగుతాడు. ఇప్పుడు ఊరి వాళ్ల ముందర, చెయ్యని తప్పుకు ఆయన చేతుల్ని బయట పెట్టారు. పొగడ్త వచ్చినన్నాళ్లూ నాకు నోరు రాలేదు, తిట్టు వచ్చినప్పుడైనా రాదా అనుకుంది. కొంగు తల మీదికి లాక్కుని తెర ఎత్తుకుని బయటికొచ్చింది.

"మామ చుట్టలేదు. నేను చుట్టినా."

అష్రఫ్ మొహం మాడిపోయింది. "లోపలికి పో, అఫ్సానా."

"పోను. తప్పుంటే నా తప్పు. మామ చేతులను ఎందుకు అంటావు? ఆ చేతులు దాన్ని తాకనే లేదు."

బేరగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి రజియా బేగం, "హాయ్ అల్లా!" అంటూ గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఏబేలు తాత మాత్రం ఆమెను ఎగాదిగా చూడకుండా, తలపాగా సర్దుకుని నిదానంగా అడిగాడు.

"నువ్వేనా చుట్టినావు పాపా?"

"నేనే తాతా."

"అయితే ఏడ తప్పు పోయిందో నువ్వే చెప్పాల. నేను ఎల్లుండి ఆదివారానికి మాటిచ్చినా. లీదియమ్మ చీర కూడా తీసి పెట్టుకోనింది."

అఫ్సానాకు భయమేసింది. చుట్టింది నేనే అనడం ఒక ఎత్తు. ఇప్పుడు అందరి ముందరా తన తప్పు తానే వెతుక్కోవడం ఇంకో ఎత్తు. దొరక్కపోతే ఈ తెర ఇంక ఎప్పటికీ లేవదు. ఆడదాని పనిని నమ్మితే ఇంతే అంటారు. అది రాబోయే మోటార్లన్నిటి మీదా రాసి పెట్టినట్టే.

బల్ల దగ్గరికి వచ్చి డైనమో విప్పింది. చుట్టును కళ్లతో తడిమింది, బల్బు పెట్టి చూసింది, దిమ్మ తెప్పించి అందరి ముందరా బ్లేడు ఆనించింది. బ్లేడు ఈ పూటా నోరు మెదపలేదు.

"చుట్టులో లోపం లేదు," అంది.

"లోపం లేకపోతే కరెంటెందుకు పుట్టదు?" అన్నాడు అష్రఫ్.

ఆమె డైనమో మళ్లీ బిగించి బ్యాటరీ తీగలు తానే తగిలించింది. గుయ్‌మన్నది. ముందున్న కప్పీ, అదే బెల్టు తొడిగే చక్రం, గిర్రున తిరిగింది. తాను చుట్టినది తిరుగుతుండగా చూడటం జీవితంలో ఇదే మొదటిసారి ఆమెకు. అంత దిగుల్లోనూ ఒక్క క్షణం ఒళ్లు పులకరించింది. ఎంత నిండుగా తిరుగుతోంది! అదరడం లేదు, బెదరడం లేదు. మరి నీకేం రోగమే తల్లీ?

తీగ తీసింది. కప్పీ నెమ్మదించి ఆగింది. మళ్లీ తగిలించింది. ఈసారి మోత వినలేదు. కప్పీ ఎటు తిరుగుతోందో అది మాత్రమే చూసింది. పలక అందుకుని బలపంతో గుండ్రంగా ఒక బాణం గీసింది.

"తాతా, మీ కారుకు ముందర హ్యాండిలు ఉంటాది గదా. ఇంజను స్టార్టు చేసేదానికి ఎటు తిప్పుతావు?"

"ఎటేంది పాపా, అందరూ తిప్పినట్టే."

"అట్ల కాదు. కారు ముందర నిలబడినట్టు ఇక్కడ నిలబడి, తిప్పి చూపించు."

ఏబేలు తాత డైనమో కప్పీకి ఎదురుగా నిలబడ్డాడు. పంచె కాస్త పైకి దోపుకుని, నడుం వంచి, కుడి చేతిని పిడికిలి బిగించి గాలిలో తిప్పాడు. పైకి పోయిన చెయ్యి కుడి పక్కన దిగుతోంది. ఫ్యాను బెల్టు డైనమోను కూడా అటే తిప్పుతుంది. బ్యాటరీ మీద తాను ఎటు తిరుగుతుందో అటు తిప్పితేనే డైనమో కరెంటు పుట్టిస్తుంది. బల్ల మీద డైనమో తిరుగుతోంది, బల్ల ముందు తాత చెయ్యి తిరుగుతోంది. ఒకటి ఇటు, ఒకటి అటు.

అఫ్సానా తాత కుడి చేతిని చూసింది. తన ఎడమ చేతిని చూసుకుంది. తెలిసిపోయింది.

"మామా," అంది, నవ్వూ ఏడుపూ కలిసి వస్తుంటే. "నువ్వు కుడిచేత్తో చుడతావు."

ఇమాం సాహెబ్ తువ్వాలు కిందినుంచి చేతులు తీసేశాడు. కుర్చీలోంచి లేచి వచ్చి పలక మీది బాణాన్ని చూశాడు, కోడలి చేతిని చూశాడు, తర్వాత నుదురు కొట్టుకున్నాడు.

"యా అల్లా! నేను చెప్పాల్సింది. నా చెయ్యికి తెలిసింది గదా అని నోటితో చెప్పనేలేదు. కుడిచేతోడు ఇట్ల చుడతాడు. నువ్వు అట్ల చుట్టినావు. ఎప్పుడూ పాతదాన్ని చూసి దిక్కు గీసుకుంటావు కాబట్టి తేడా రాలేదు. ఈసారి చూసుకునేదానికి పాతది లేకపాయ!"

"అంటే చుట్టు తిరగబడిందంటావా?" అన్నాడు అష్రఫ్. "నేను తిరుగుతాండాదా లేదా అనే చూసినా. ఎటు తిరుగుతాండాదో చూడలేదు." ఆ మాట చివర్లో గొంతు తగ్గింది. చూడాల్సింది తానేనని అతనికి తెలుసు. "ఇప్పుడెట్ల? మళ్లీ విప్పి చుట్టేదానికి, వార్నీషు ఆరేదానికి, ఆదివారం దాటిపోతాది."

"విప్పేదేంది?" అంది అఫ్సానా. "చుట్టు చక్కగా ఉండాది. దిక్కొకటే వేరు. చుట్టూ ఉండే ఫీల్డు కాయిళ్ల కొసలు రెండూ అటుది ఇటు, ఇటుది అటు మారిస్తే సరిపోతాది. అప్పుడు అది కూడా దీని దారికే వస్తాది."

ఏబేలు తాతకు ఫీల్డు కాయిళ్ల సంగతి ఏం తెలుసు? కానీ ఎద్దుల సంగతి తెలుసు.

"ఎడమ పక్క దాపటెద్దును తెచ్చి కుడి పక్కన వలపట కట్టినట్టయిందన్న మాట," అన్నాడు. "అంతమాత్రానికి ఎద్దును అమ్ముకుంటామా? కాడి మార్చి కట్టుకుంటాం గానీ!"

అందరూ నవ్వారు. బేరగాళ్లు కూడా. అష్రఫ్ టాకా కడ్డీ వేడి చేశాడు. ఆమె చెప్తుంటే అతను కొసలు మార్చాడు. బ్యాటరీ తీగ తాకించగానే కప్పీ ఒక్క విదిలింపుతో తిరిగింది, ఈసారి తాత చెయ్యి తిరిగిన వైపే. పలక మీది పాత బాణాన్ని అఫ్సానా ఎడమ చేతి వేలితో చెరిపి కొత్తది గీసింది.

"ఇది బల్ల మీద పరీక్షే," అన్నాడు ఇమాం సాహెబ్. "కారులో దీపం ఆరితేనే అయినట్టు. ఆదివారం నువ్వు కూడా రావాల అఫ్సానా."

అఫ్సానా అత్త వైపు చూసింది. అష్రఫ్ కూడా తల్లి వైపే చూశాడు. ఆమె కాదంటే తాను కాదన్న పాపం ఉండదని కాబోలు.

రజియా బేగం మూతి ముడుచుకుంది. "కోడల్ని ఒక్కదాన్నే పంపుతానా ఏంది? నేనూ వస్తా. నూరేళ్ల పండగంటే నేనూ చూడలేదు," అంది.

ఆదివారం పొద్దున రాచర్లలో బస్సు దిగి ఆటో ఎక్కి ఏబేలు తాత పల్లెకు చేరేసరికి చర్చి చుట్టూ రంగు కాయితాలు రెపరెపలాడుతున్నాయి. మోరిస్ కారు లీదియమ్మ ఇంటి ముందు నిలబడి ఉంది. పచ్చ రంగు వెలిసిపోయినా తుడిచి తుడిచి అద్దంలా చేశారు. బానెట్టు మీద బంతిపూల దండ. వెనక సీట్లో తెల్లచీర కట్టుకుని, నెరిసిన జుట్టు నున్నగా దువ్వుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని లీదియమ్మ అప్పుడే ఎక్కి కూర్చుంది. ఆరాధనకు వేళయినా దిగనని మొరాయించిందట.

అష్రఫ్ వంగి డైనమో బిగించాడు, బెల్టు తొడిగాడు. మొన్న నవ్విన కుర్రకారు మళ్లీ చేరారు. వాళ్ల చేతుల్లో ఫోన్లు. ఈసారి ఏమవుతుందో తీద్దామని. అఫ్సానా కారు తలుపు దగ్గర, ఎర్ర దీపం కనబడేలా నిలబడింది.  ఇంత జనంలో దీపం ఆరకపోతే ఆ మాట మార్కాపురానికి తమకంటే ముందే బస్సెక్కి పోతుంది.

"తిప్పు తాతా," అంది.

ఏబేలు తాత తాళం తిప్పాడు. ఎర్ర దీపం వెలిగింది. మీట లాగాడు. ఇంజను దగ్గి, తుమ్మి, పట్టుకుంది. కారంతా వణుకుతోంది. దీపం వెలుగుతూనే ఉంది. ఎవరో కిసుక్కుమన్నారు.

"కొంచెం రేజు చెయ్యి."

తాత కాలు నొక్కాడు. ఇంజను గొంతు పెరిగింది. ఎర్ర దీపం రెపరెపలాడింది. కాస్త నీరసించింది. నారింజ గింజంత మిణుకుమంది. తర్వాత లేదు.

"అయ్యో, దీపం కొండెక్కిందే ఏబేలూ!" అంది లీదియమ్మ వెనక నుంచి కంగారుగా. "పండగ పూట ఏం దినం రా ఇది!"

ఇమాం సాహెబ్ పకపకా నవ్వాడు. వణికే రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు. "కొండెక్కాల్సిందే పెద్దమ్మా! అది కొండెక్కితేనే మన బండికి వెలుగు!"

"ఇంకోసారి తాతా," అంది అఫ్సానా. ఆమెకు నమ్మకం చాలక కాదు, చూపు తీరక.

తాత కాలు తీశాడు, ఎర్రగా వెలిగింది. నొక్కాడు, ఆరింది. హెడ్‌లైట్లు వేశాడు, హారన్ కొట్టాడు. అయినా ఎర్ర దీపం మళ్లీ వెలగలేదు. పట్టపగలు ఆ రెండు లైట్లూ లీదియమ్మ ఇంటి గోడ మీద పడి కనబడీ కనబడకుండా ఉంటే, పల్లె పల్లెంతా ఈలలు వేసింది. మొన్న నవ్విన పిల్లోడు హారన్ కొట్టనియ్యి తాతా అని కిటికీ పట్టుకుని వేలాడాడు. అఫ్సానా కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ కాసేపు చూడటం పోతుందని.

లీదియమ్మ అద్దం దించి తల బయట పెట్టింది. "ఎవురు నాయనా దీన్ని బాగు చేసింది?"

అష్రఫ్ చేతులు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. "మా ఇంట్లోవాళ్లు అవ్వా," అన్నాడు.

"ఇంట్లోవాళ్లకు పేరు లేదారా?" అన్నాడు ఇమాం సాహెబ్. గట్టిగా ఏమీ అనలేదు. కొడుక్కు వినబడేంతే అన్నాడు.

అష్రఫ్ గుడ్డను చేతుల మధ్య నలిపాడు.  తర్వాత తల ఎత్తాడు.

"అఫ్సానా అవ్వా. నా భార్య. దీన్నంతా ఆమే చుట్టింది." ఆగి, అడగకపోయినా చెప్పాడు. "మా దుకాణంలో మునుపు చుట్టినవి కూడా. అన్నీ ఆమే చుట్టింది. మొన్న మా నాయన మీద పెట్టిన మాట తప్పు."

చివరి మాట ఏబేలు తాతను చూసి అన్నాడు. కానీ అది ఎవరి కోసమో ఆ మనిషికి చేరింది. ఇమాం సాహెబ్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

లీదియమ్మ చెయ్యి చాపింది. అఫ్సానా తడబడి కుడి చెయ్యి ఇవ్వబోయింది.

"అది కాదమ్మా. తిరగేసి చుట్టిన చెయ్యి ఇయ్యి. ఏబేలు అంతా చెప్పినాడులే."

ముసలామె ఆ ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తీగ కోసిన గీతల మీద బొటనవేలితో రాసింది.

"ఎదురుకాళ్ల బిడ్డ బతకదా ఏంది? డాక్టరమ్మా నేనూ ఇదే కార్లో పోయి ఎన్ని తీసినామో! కాళ్లు ముందరొచ్చినా తల ముందరొచ్చినా, ఏడిస్తే చాలు, బిడ్డే. ఎక్కు, నా పక్కన కూచో."

అఫ్సానా ఎక్కింది. రజియా బేగం నన్నెవరూ పిలవలేదేం అన్నట్టు చూస్తే లీదియమ్మ ఆమెనూ లోపలికి లాక్కుంది. చర్చి దాకా దారి పొడుగునా అఫ్సానా మంద్రంగా వినబడే ఆ ఇంజను మోతలో తన డైనమో మోత వెతుక్కుంటూ, ముందు సీట్ల మధ్యలోంచి ఆ ఆరిన దీపాన్నే చూస్తూ కూర్చుంది.

సోమవారం దుకాణం తీశాక, అష్రఫ్ బల్ల వెనక తెరను కొక్కేనికి చుట్టి కట్టేశాడు. గాలి ఆడట్లేదులే అన్నాడు. అన్నేళ్లూ ఆడని గాలి ఆ పూటే గుర్తొచ్చింది పాపం. అఫ్సానా తన పీట, పలక, తీగ చుట్టలు తెచ్చుకుని బల్ల పక్కన, వీధికి ఎదురుగా కూర్చుంది.

కాసేపటికి కొనకనమిట్ల నుంచి ఒక రైతు ట్రాక్టరు స్టార్టరు భుజాన పెట్టుకుని వచ్చాడు. ఎవరితో చెప్పాలో తెలియక అటూ ఇటూ చూసి అష్రఫ్‌ను అడిగాడు.

"ఇక్కడ పుర్రచెయ్యామె చుడతాదంట గదన్నా? మా బావది రాచర్ల. నిన్న కారు చూసినాడంట. ఆమె చుడితేనే ఇచ్చి రమ్మన్నాడు."

అష్రఫ్ ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత నవ్వాడు.

"అదుగో, ఎదురుగానే ఉండాది. ఆమెకే చెప్పు."

అఫ్సానా స్టార్టరు విప్పి, పాత చుట్టు ముట్టుకోక ముందే, పలక మీద బాణం గీసింది. కుర్చీలోంచి ఇమాం సాహెబ్ ఆ బాణం చూసి తల ఊపాడు. ఆయన చేతులు ఒళ్లో, అందరికీ కనబడేలా, తమ మానాన తాము వణుకుతున్నాయి.

రజియా బేగం టీ తెచ్చింది. ముందు మొగుడికిచ్చింది. ఆయన అందరి ముందరే, రెండు చుక్కలు ఒలికినా, తాగాడు. కోడలి దగ్గరికొచ్చి అలవాటుగా గ్లాసు కుడి పక్కన పెట్టింది. రెండడుగులు వేసింది. ఏమనుకుందో వెనక్కి వచ్చి, గ్లాసు ఎత్తి, ఎడమ పక్కన పెట్టింది.

"చల్లారిపోతాది. తాగి చుట్టు," అంది.